ఏడో మీట

గట్టు తెగిన వరదకి పదహారో ఏడు అది. బుడమలంకలో జనం ఏ సంగతైనా ఆ వరద నుంచే లెక్కపెడతారు. ఫలానావాడి పెళ్ళి వరదకి ముందరేడు, ఫలానా పిల్ల పుట్టింది వరద తరవాత మూడో ఏడు, అని. ఆ పదహారో ఏడు, వేసంగి వెళ్ళిపోతుండగా, ఏటికి అవతలి ఒడ్డునున్న ఊళ్ళో వరద సన్నద్ధతా కార్యాలయానికి ఒక ఆట వచ్చింది.

ఆట అంటే కంప్యూటరు మీద ఆడేది. దాని పేరు జలవిజయం. పెట్టె విప్పి, బల్లమీద కూర్చోబెట్టి, తెరకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్ళు మీటల మీద పడకుండా సన్నద్ధతాధికారి కర్రి సోమేశ్వరరావుగారు తన చేతిరుమాలు అడ్డం పెట్టారు. ఆ కార్యాలయం పెట్టిన నాటినుంచి నీటిని ఆపిన చర్య ఏదన్నా ఉందంటే అదొక్కటే.

ఆట వెనకాలే ఉత్తర్వు వచ్చింది. లంకల్లో సర్కారు పడవ నడిపే ప్రతి సరంగూ ఆ తెర ముందు కూర్చోవాలి. తెరమీద వరద వస్తుంది. అందులో పడవ నడిపి, మునిగిపోతున్న వాళ్ళని ఒడ్డుకి చేర్చాలి. చేర్చినవాడు ఉత్తీర్ణుడు. చేర్చలేనివాడి పడవకి తాళం.

బుడమలంక పడవ మల్లాడి కాసులు చేతిలో ఉండేది. లంకకి వంతెన లేదు. పాలక్యాన్లు, అరటిగెలలు, హైస్కూలు పిల్లలు, పురిటికెళ్ళే ఆడవాళ్ళు, అందరూ ఆ పడవే ఎక్కాలి. ఒకటి రెండు దోనెలున్నాయి గాని, వాటిలో ఇద్దరు కూర్చుంటే మూడోవాడు తుమ్మకూడదు. అందుచేత కాసులు పరీక్షకి వెళుతున్నాడంటే లంక లంకంతా రేవులోకి వచ్చి నిలబడింది. కాసులు భార్య లోవతల్లి ఉతికిన పంచె ఇచ్చి, "తిన్నగా కూకో, ఎవరన్నా పొగిడితే ఒళ్ళు మర్సిపోకు," అని చెప్పి మరీ పంపింది. ఆయన సంగతి ఆవిడకి తెలుసు.

సోమేశ్వరరావుగారు కుర్చీ చూపించి గొంతు సవరించుకున్నారు.

"ఇందుమూలముగా నీకు తెలియజేయడమేమనగా, కాసులూ, తెరమీద కనిపించు సదరు జలమును నిజమైన జలముగానే భావించి మెలగవలెను."

"ఆయ్, అలాగేనండి," అని కాసులు పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టాడు.

కంప్యూటరు దగ్గర పనిచేసే అమ్మాయి పేరు బూసి సుహాసిని. ఆవిడ మీట నొక్కగానే తెరనిండా వరద వచ్చింది. కొబ్బరిచెట్ల నీడలు నీళ్ళలో వణుకుతున్నాయి. మబ్బు సందులోంచి ఎండ పడి అలల మీద మెరుస్తోంది. సుడి దగ్గర నురుగు కూడా ఉంది.

"ఓరి నాయనో! మా గోదారికన్నా బాగుందండి," అని కాసులు చెయ్యి ముంచి చూడబోయాడు. సుహాసిని చెయ్యి పట్టుకుని ఆపింది.

పెంకుటింటి కప్పు మీద ఎర్రచీర కట్టుకున్న మనిషి, "రక్షించండి, రక్షించండి," అని అరుస్తోంది. కాసులు బాణం గుర్తున్న మీట నొక్కాడు. పడవ కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. కదల్లేదు. చెవి వెనకున్న చుట్ట తడుముకుని, "ఈలోగా ఒక దమ్ము లాగి రావచ్చాండీ?" అని అడిగాడు. అడుగుతూ ఉండగానే పడవకి ఇందాక నొక్కిన నొక్కుళ్ళన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, ఎగిరి వెళ్ళి పెంకుటింటిని గుద్దింది. ఇల్లు కూలింది. ఎర్రచీర మనిషి మునిగిపోయింది. మునిగాక కూడా "రక్షించండి" అంటూనే ఉంది.

"మృతులు?" అన్నారు సోమేశ్వరరావుగారు.

"అందరూనండి. ఒడ్డున నిలబడి చూస్తున్న వాళ్ళు కూడా," అంది సుహాసిని.

కాసులు మొహం మాడిపోయింది. "ఇదేటండీ అమ్మాయిగారూ, ఇయ్యాల నొక్కితే రేపు కదులుద్దా?"

"ఇది కొత్త చిత్రణ పద్ధతి తాతా. ప్రతి నీటిచుక్కనీ విడివిడిగా గీస్తుంది. దానికి పెట్టెలో వేరే కార్డు ఉండాలి. మనకి కార్డు రాలేదు. కార్డు పెట్టే చోటు మాత్రం వచ్చింది."

"మరి నా పడవ గతేటండి? ఇంకో దారి లేదా?"

"పాత పద్ధతి ఉంది. పైవరసలో ఏడో మీట నొక్కితే అందులోకి మారుతుంది. కార్డు లేకుండా పెట్టె తనకి తోచినట్టు గీసుకుంటుంది. చేతకానిది గీయకుండా వదిలేస్తుంది."

"ఏం వదిలేద్దండి?"

"అది చూస్తేగాని తెలీదు."

"నొక్కండమ్మా, పున్నెముంటాది," అన్నాడు కాసులు.

సుహాసిని అధికారిగారి వంక చూసింది. నిబంధనల్లో ఏడో మీట నొక్కవచ్చునని లేదు, నొక్కరాదని కూడా లేదు. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. సర్కారు భాషలో అది అనుమతి. ఆవిడ నొక్కింది. తెర ఒకసారి నల్లబడి మళ్ళీ వెలిగింది. ఇళ్ళున్నాయి, చెట్లున్నాయి, కప్పు మీద ఎర్రచీర మనిషి ఉంది. నీళ్ళు లేవు.

కాసులు మీట మీద వేలు పెట్టాడో లేదో, పడవ పొడినేల మీద రివ్వున పోయింది. వీధుల్లో మలుపులు తిరిగింది, చేలగట్లు దాటింది, పశువుల పాకలోంచి దూరి అవతలికి వచ్చింది. ఎర్రచీర మనిషి చూరు పట్టుకుని కిందికి దిగి నడిచిపోవచ్చు గాని, ఆట రాసినవాడు ఆవిడకా తెలివి పెట్టలేదు. కాసులు ఆవిడని ఎక్కించుకున్నాడు. పిల్లల్ని, ముసలాళ్ళని, ఒక మేకని కూడా ఎక్కించుకున్నాడు. తులసికోటని కూడా ఎక్కించబోయాడు గాని ఆట ఒప్పుకోలేదు.

"ప్రాణనష్టం?"

"శూన్యమండి."

"ఆస్తినష్టం?"

"నీళ్ళే లేవు కదండీ. శూన్యమే."

సోమేశ్వరరావుగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన ఉద్యోగంలో చేరినప్పటినుంచి వరద నివేదికలో శూన్యమన్న మాట రాసే భాగ్యం కలగలేదు. "శభాష్ కాసులూ! నీవంటి సరంగు ఈ మండలములోనే లేడు," అన్నారు. కాసులు ఒళ్ళు మర్చిపోయాడు.

ఇంటికొచ్చి ఒళ్ళు మర్చిపోయినట్టే చెప్పాడు. లోవతల్లి చేపలు కడుగుతోంది.

"పాసయ్యానే!"

"దేంట్లో?"

"పడవ నడపటంలో."

"పెళ్ళైన కాణ్ణుంచి నడుపుతానే ఉన్నావు. ఇప్పుడు పాసయ్యావా? నీళ్ళెంత లోతుంది?"

"నీళ్ళు లేవు. పాత పద్దతి."

లోవతల్లి చేప కింద పెట్టింది. "నీళ్ళు లేనిచోట పడవేసుకెళ్ళి మనుషుల్ని దింపేవా? ఆళ్ళు నవ్వలేదా?"

"అందులో నవ్వే మీట లేదే," అన్నాడు కాసులు. ఆ మాట అన్నాక ఆయనకే ఎందుకో ఉత్సాహం కొంచెం తగ్గింది.

సోమేశ్వరరావుగారి శూన్యం పైకి వెళ్ళింది. ప్రాంతీయ సంచాలకులవారు దాన్ని రెండు చేతులా అందుకున్నారు. పద్ధతి నిర్ధారణ సంఘమని ఒకటి వేశారు. సంఘంవారు టీలు తాగి, జీడిపప్పు తిని, తెరముందు కూర్చుని ఏడో మీట నొక్కించుకుని చూశారు. నొక్కితే వరద పోతోంది, మళ్ళీ నొక్కితే వస్తోంది. ఒక సభ్యుడు తన చేత్తో నొక్కి చూస్తానని ముచ్చటపడి నొక్కాడు. ఆయనకి కూడా పోయింది. నివేదిక ఇలా వచ్చింది:

"ఒకే గ్రామము ఒకే వరదయందు ఒక పద్ధతిలో మునిగియు, మరియొక పద్ధతిలో మునగకయు ఉండుట సంఘము స్వయముగా గమనించినది. ప్రజాక్షేమము దృష్ట్యా మునగని పద్ధతినే ఆమోదించడమైనది. ఇకమీదట వరదలన్నియు ఆమోదిత పద్ధతిలోనే పరిగణింపబడును."

ఆ వారంలో సోమేశ్వరరావుగారు ఊరివైపు రేవులోకి ఒక శాలువా, ఒక తాళం పట్టుకుని వచ్చారు. శాలువా కాసులుకి కప్పారు. తాళం పడవకి వేశారు. రేవులో ఉన్న ఇనప గుంజకి పొట్టి గొలుసుతో కట్టి, అరచెయ్యంత తాళం వేసి, పైన లక్క ముద్ర కొట్టారు.

"ఇదేటి బాబూ? నేను పాసయ్యాను కదండి?" అన్నాడు కాసులు, శాలువా భుజం మీదనించి జారుతుంటే పట్టుకుని.

"పాసైనావు కనుకనే కదటోయ్. నీవు పాసైనది ఏ పద్ధతిలో?"

"పాత పద్దతండి."

"ఆ పద్ధతిలో బుడమలంకలో నీరున్నదా?"

"లేదండి."

"నీరు లేని గ్రామమునకు పడవ అనవసరపు భారము. నీ ప్రతిభ వల్లనే ఈ సంగతి ప్రభుత్వము దృష్టికి వచ్చినది. గర్వించవలెను."

కాసులు గర్విద్దామని చూశాడు గాని, ఎదురుగా గోదారి పారుతుంటే కుదరలేదు.

లంక వాళ్ళు దోనెల్లో ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని దాటడం మొదలుపెట్టారు. పాలక్యాను దాటిన రోజు మనిషి దాటేవాడు కాదు, మనిషి దాటిన రోజు పాలు విరిగిపోయేవి. కాసులుకి పాసయ్యగారని పేరు పడిపోయింది. "ఏం పాసయ్యగారూ, శాలువా పరిచి దాటించకూడదా మమ్మల్ని?" అని ఆడవాళ్ళు రేవులో అడిగేవారు. ఆయన వెళ్ళి, తాళం పడ్డ పడవలో కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు.

అంతలో పైనుంచి ఒక అమాత్యులవారు తనిఖీకి వచ్చారు. తెర చూపించారు. ఆయన కాసేపు చూసి, "వరద ఏదయ్యా?" అన్నారు. సోమేశ్వరరావుగారు సుహాసినికి సైగ చేశారు. సుహాసిని ఏడో మీట నొక్కింది. అలలు, నీడలు, నురుగు, అన్నీ వచ్చేశాయి. పడవ కదలకపోవడం అమాత్యులవారికి మరీ నచ్చింది. "ఎంత నిశ్చలంగా ఉంది! ఇంత అందమైన వరద మన జిల్లాలో ఉండి కూడా ప్రజలకి చూపించరేం?" అని కోప్పడి వెళ్ళారు.

ఇప్పుడు పెద్ద చిక్కొచ్చింది. నివేదికలకి వరద ఉండకూడదు. సందర్శకులకి ఉండాలి. సోమేశ్వరరావుగారు బాగా ఆలోచించి, సంచాలకులవారితో మాట్లాడి, మధ్యేమార్గం కనిపెట్టారు. పొద్దున ఆఫీసు తెరిచింది మొదలు భోజనాల వేళ దాకా కొత్త పద్ధతి. భోజనాలయ్యాక ఏడో మీట నొక్కి పాత పద్ధతి. ఆ ప్రకారం బుడమలంక రోజూ పొద్దున మునిగేది, మధ్యాహ్నానికి ఆరేది. లంక బడి పంతులుకి ఉత్తర్వు వచ్చింది: పొద్దున పూట బడి నీటిలో ఉండును కనుక పిల్లలకి హాజరు వేయరాదు, మధ్యాహ్నం ఆరును కనుక భోజనం పెట్టవచ్చును. పిల్లలు ఆ సర్కారు చేసిన పనులన్నింట్లోకీ అదే గొప్పదన్నారు.

కాసులుకి మాత్రం ఆశ పుట్టింది. మర్నాడే దోనెలో దాటి కార్యాలయానికి వెళ్ళాడు.

"అయ్యగారూ, పొద్దునపూట మా లంకలో నీళ్ళున్నట్టే కదండి? ఆ పూట మటుక్కి తాళం తీయించండి. మద్దేన్నం నేనే ఏసేత్తాను."

సోమేశ్వరరావుగారు జాలిగా చూశారు. "పొద్దునపూట అమలులో ఉన్నది ఏ పద్ధతి?"

"కొత్తదండి."

"కొత్త పద్ధతిలో నీ పరీక్ష ఏమైనది?"

"ఇల్లు కూలిందండి."

"నీరు ఉన్నప్పుడు నీవు ఫెయిలు. నీవు పాసైనప్పుడు నీరు లేదు. ఇందులో నా చేతిలో ఏమున్నది చెప్పు?"

ఆయన చేతిలో తాళంచెవి ఉంది. దాన్ని ఆయన వేలికి తొడుక్కుని తిప్పుతున్నారు.

శ్రావణంలో పైదేశాన వానలు దంచాయి. గోదారి మొదట ఎర్రబడింది, తరవాత ఒళ్ళు విరుచుకుంది. కాసులు పొద్దున్నే దోనెలో ఈ దరికి వచ్చేసరికే ప్రవాహం గట్టిగా ఉంది. ఆ దోనె తిరిగి వెళ్ళే స్థితిలో లేదు. మధ్యాహ్నమయ్యేసరికి రేవులో పడవ ముక్కు కిందకి వంగిపోయింది. గొలుసు పొట్టిది, నీరు పెరిగేకొద్దీ పడవని ముక్కు పట్టి ముంచుతోంది. కాసులు పెద్ద రాయి తెచ్చి తాళం మీద కొట్టాడు. రాయి రెండు ముక్కలైంది. ఇంకాసేపుంటే పడవ నీళ్ళు తాగేస్తుంది. అవతల లంకలో లోవతల్లి ఉంది, పిల్లాజెల్లా ఉన్నారు, గొడ్డూగోదా ఉన్నాయి. మోకాలి లోతు నీళ్ళలో పరిగెత్తుకుంటూ కార్యాలయానికి వెళ్ళాడు.

అప్పుడే భోజనాలయ్యాయి. సుహాసిని ఏడో మీట నొక్కింది. తెరమీద బుడమలంక పొడిగా, ముద్దుగా ఉంది. గుమ్మంలోంచి నీరు పాములా లోపలికి వస్తోంది.

"బాబూ, తాళం! పడవ మునిగిపోతన్నాది. లంకోళ్ళు బడి మేడెక్కేసేరంట, పంతులుగారు ఫోన్లో ఏడుత్తన్నారు."

సోమేశ్వరరావుగారు చెప్పులు నీటిలోంచి తీసి కుర్చీ మీద మఠం వేసుకుని కూర్చున్నారు. "సమయమెంతైనది? మధ్యాహ్నం. మధ్యాహ్నమున బుడమలంకలో నీరుండదు. పంతులును తొందరపడవద్దని చెప్పు."

"మరి మీ కుర్చీ కిందదేటి బాబూ?"

"ఇది కార్యాలయము. కార్యాలయమును ఆటలో చేర్చలేదు. దీని విషయమై ఇంతవరకు ఏ ఉత్తర్వూ లేదు."

నీరు కుర్చీకి తగిలింది. ఆయన బల్ల ఎక్కారు. సుహాసిని కంప్యూటరు పెట్టెని ఎత్తి బీరువా మీద పెట్టింది. పెట్టె వెనకాల తీగలు సాగి, తెర ఇంకా వెలుగుతూనే ఉంది, పొడిగా. ఆయన బల్లమీద నిలబడి ఆ తెరని చూసి ధైర్యం తెచ్చుకుంటున్నారు. ఇంతలో బయట ఎక్కడో స్తంభం కూలిన చప్పుడైంది. కరెంటు పోయింది. తెర నల్లబడింది.

అది మళ్ళీ వెలుగుతుందని ముగ్గురూ కాసేపు చూశారు. వెలగలేదు.

"ఇప్పుడు ఏ పద్ధతి అమలులో ఉన్నదమ్మా?" అన్నారు సోమేశ్వరరావుగారు సన్నటి గొంతుతో.

"ఏదీ లేదండి."

"ఏదో ఒకటి ఉండవలె కదా!"

"కరెంటు లేకపోతే ఏ పద్ధతీ ఉండదండి. కిటికీలోంచి చూడ్డమే."

ఆయన కిటికీలోంచి చూశారు. ఎవరిదో గడ్డిమేటు, మీద కోడితో సహా, రోడ్డు మీదుగా వెళుతోంది. ఆయన పెదవులు కదిలాయి. "ఏ పద్ధతీ లేనప్పుడు ఇతను పాసూ కాడు, ఫెయిలూ కాడు..." అని తనలో తనే గొణుక్కున్నారు.

"బాబూ, ఇన్నేళ్ళూ సర్కారు ఉప్పే తిన్నాను, ఇప్పుడు లెక్కలేసుకుంటా కూకోకండి. నా ఆడది ఆ మేడ మీదుందండి," అన్నాడు కాసులు.

సోమేశ్వరరావుగారు తాళంచెవి తీసి, మొహం అటు తిప్పుకుని చెయ్యి చాచారు. "ఇది నేను ఇచ్చుట లేదు. నా చేతిలోనుండి జారినది. జారినది ఎవరి చేతిలో పడినదో నాకు తెలియదు."

కాసులు చేతిలో పడింది.

"అమ్మాయిగారూ, మీరు రండి. పడవలో నీళ్ళు తోడాల," అన్నాడు కాసులు. సుహాసిని చెత్తబుట్ట అందుకుని వెనకే వెళ్ళింది.

"ముందు నన్ను దాటించవలెను! నేను సన్నద్ధతాధికారిని!" అని వెనకనుంచి కేక వినబడింది.

"సన్నద్దంగా ఉండండి బాబూ, వత్తాను," అన్నాడు కాసులు, వెనక్కి చూడకుండా.

తాళం తీయగానే పడవ గేదెలా ఒక్క ఊపు ఊపి ముక్కు పైకెత్తింది. సుహాసిని చెత్తబుట్టతో తోడుతోంది, కాసులు గెడ వేస్తున్నాడు. నొక్కిన వెంటనే కదిలే పడవ కాదది, నొక్కినవైపు కదిలే పడవ కూడా కాదు. ఏరు ఎటు లాగితే అటు వంగి, దాన్ని బతిమాలుకుంటూ, రెండుసార్లు చెట్లలోకి కొట్టుకుపోయి, ఎలాగో బడి మేడ దగ్గరికి చేరారు. మేడ మీద లోవతల్లి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. రక్షించండి అనలేదు.

"ఇంతసేపేటి? మళ్ళీ ఎవరన్నా సాలువా కప్పేరా?" అంది.

"కబుర్లు తరవాత, పిల్లల్ని అందియ్యే ముందు!"

విడతలు విడతలుగా జనాన్ని మెరకమీది చింతలతోపుకి చేర్చారు. మేకల్ని కూడా చేర్చారు. ఒక ముసలమ్మ తులసికోట తెమ్మని పట్టుబట్టింది. కాసులు ఈసారి ఎక్కించలేదు. ముసలమ్మ తిట్టిన తిట్లు మాత్రం ఎక్కాయి.

సాయంత్రం వెలుగుండగానే కార్యాలయం కిటికీ దగ్గరికి పడవ వచ్చింది. సోమేశ్వరరావుగారు బీరువా మీద, కంప్యూటరుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. పడవని చూడగానే మొహం వికసించింది, అంతలోనే ముడుచుకుంది.

"నేను ఇది ఎక్కినచో నీరున్నట్టు ఒప్పుకొన్నట్లగును."

"కళ్ళు మూసుకుని ఎక్కండి బాబూ," అన్నాడు కాసులు.

ఆయన కళ్ళు మూసుకుని ఎక్కారు. ఒడ్డు చేరేదాకా తెరవలేదు.

నాలుగైదు రోజులకి నీరు తీసింది. బుడమలంకలో గోడలు పోయాయి, కోళ్ళు పోయాయి. మనిషి ఒక్కడూ పోలేదు. కార్యాలయం కడిగారు, కంప్యూటరుని ఎండలో ఆరబెట్టారు, స్తంభం నిలబెట్టారు. కరెంటు వచ్చిన సాయంత్రమే తెర మళ్ళీ వెలిగింది. ప్రాణనష్టం శూన్యమని తెలిసి సంచాలకులవారు ఉప్పొంగిపోయి, ఆమోదిత పద్ధతి నిజమైన వరదయందు కూడా పనిచేసినదని ప్రకటించారు. ఆ ఘనత జిల్లాలోని లంకలన్నింటికీ విస్తరింపజేయమన్నారు. సోమేశ్వరరావుగారు పడవలో కూర్చున్న కాసులు దగ్గరికి మనిషిని పంపించారు: రేపు పొద్దున ఆఫీసు తెరిచేలోగా తాళం యథాస్థానమున ఉండవలెను.

కాసులు ఆ రాత్రి తాళం ముందేసుకుని కూర్చున్నాడు. లోవతల్లి అడిగింది, "ఏస్తావా?"

"ఎయ్యమన్నారుగా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే లేచి, తాళం, గొలుసు భుజాన వేసుకుని, ఒడ్డుకి దాటి, కార్యాలయానికి వెళ్ళాడు. కంప్యూటరు గది తలుపు రెండు గడియలకీ గొలుసు చుట్టి, తాళం వేసి, లాగి చూశాడు. తరవాత మెట్టుమీద కూర్చుని చుట్ట వెలిగించాడు.

సోమేశ్వరరావుగారు వచ్చి తలుపు తోశారు. "ఇదేమిటోయ్! ఇక్కడ తాళమేమిటి?"

"తాళమా బాబూ?" కాసులు చుట్ట తీసి ఆయన వంక చూశాడు. "ఏ పద్దతిలో సూత్తన్నారో గాని, పాత పద్దతిలో సూడండి. కనపడదు."

అని లేచి, తాళంచెవి మొలతాడుకి ముడేసుకుని, రేవు వైపు నడిచాడు. అవతలి దరిని పాలక్యాన్లతో జనం కేకలేస్తున్నారు. గెడ అందుకుని పడవ తోశాడు.